ఎండలో పనోళ్లకు టీ బదులు ఎనర్జీ డ్రింకు ఇయ్యొచ్చా?

తాడిపత్రి_బండలు
నాపరాళ్ల పాలిష్ యూనిట్, ఇరవై మంది పనోళ్లు. ఎండలు ముదిరినప్పట్నుంచి పొద్దున పదికీ మధ్యాహ్నం మూడుకీ టీ వద్దంటాండారు, ఆ ఇరవై రూపాయల బాటిలే కావాలంట. "అది తాగితే బలం వస్తాది, నీళ్లు కూడా అక్కర్లేదు" అని మేస్త్రీ మాట. కొందరు సొంత దుడ్లతో మూడోది కూడా కొంటాండారు. టీకి ఎట్లాగూ ఖర్చు పెడతాండాం కదా, అదే ఇచ్చేయ్ అంటాండాడు ఓనరు. రోజూ తాగే వస్తువేనా ఇది? వాట్సాప్ ముచ్చట్లు వద్దు, లెక్కలు తెలిసినోళ్లు చెప్పండప్పా.

సెనక్కాయల_సుబ్బడు
నీళ్లు అక్కర్లేదా! ఆ మేస్త్రీని పంచాయతీకి ప్రెసిడెంటును చేయండి, ట్యాంకర్ల ఖర్చు మిగులుతాది.

మందులషాపు_కడప
ముందు బాటిల్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ రూల్స్ ప్రకారం దాని జాతి "కెఫిన్ కలిపిన పానీయం". లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫిన్ ఉండొచ్చు. అంటే 250 మి.లీ బాటిల్లో ఎక్కువలో ఎక్కువ 75 మి.గ్రా. రోజుకు 500 మి.లీ మించి తాగరాదనీ, పిల్లలకూ గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ కెఫిన్ పడనివాళ్లకూ తగదనీ లేబుల్ మీదే రాసి ఉండాలి. కాబట్టి మీవాళ్లు కొనే మూడో బాటిల్ కంపెనీ తానే రాసుకున్న హద్దు దాటినట్టు. ఇంక వాదన ఎందుకు?

జిమ్_అనంత
వాదన ఉంది. 75 మి.గ్రా అంటే భయపడే సంఖ్య కాదు. హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2024 ఆహార మార్గదర్శకాల్లోనే ఉంది: 150 మి.లీ ఫిల్టర్ కాఫీలో 80–120, ఇన్‌స్టంట్ కాఫీలో 50–65, టీలో 30–65 మి.గ్రా. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగే పెద్దాయనను ఎవరూ అడగరు, కుర్రోడు బాటిల్ పడితే మాత్రం విషం అంటారు.

రాగిసంగటి
కెఫిన్ సంగతి సరే తమ్ముడూ, చక్కెర లెక్క చెప్పు. పేరున్న డబ్బా ఒకటి తీసుకో, 100 మి.లీ కి 11 గ్రాములు. 250 కి 27 గ్రాములు, సుమారు ఆరు టీస్పూన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల్లోపు ఉంటే మంచిదంటాది. పెద్దాయన కాఫీలో ఆరు చెంచాలు వేస్తాడా?

సెనక్కాయల_సుబ్బడు
మా ఊరి హోటల్ కాఫీ తాగలేదు మీరు.

మందులషాపు_కడప
@జిమ్_అనంత కెఫిన్ వరకు మీరన్నది నిజమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400, ఒకేసారి 200 మి.గ్రా దాకా ఫర్వాలేదని 2015లో యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చింది. మన ఎన్ఐఎన్ ఇంకొంచెం తగ్గించి 300 అంటుంది. కానీ లెక్క కట్టేది బాటిల్‌ను కాదు, మనిషి రోజు మొత్తాన్ని. పొద్దున ఇంట్లో కాఫీ, పనిలో మూడు బాటిళ్లు, సాయంత్రం రెండు టీలు. ఆ మనిషి 300 దాటిపోయినట్టే. ఇంకొకటి, వేడి టీ ఊదుకుంటూ తాగుతారు, ఇది చల్లగా ఉంటుంది కాబట్టి దాహానికి గడగడా దించేస్తారు. దాహం వేసినప్పుడల్లా తాగే వస్తువులో కెఫిన్ ఉండటం, అదీ ఇబ్బంది.

జిమ్_అనంత
ఆ పాయింట్ ఒప్పుకుంటా. చక్కెర గొడవైతే షుగర్ లేని రకం కూడా వస్తాది కదా.

రాగిసంగటి
వస్తాది. అప్పుడు అందులో శక్తినిచ్చేది ఏముంటాది మరి? కెలోరీ ఉండదు. కెఫిన్ చేసే పని అలసట తెలీకుండా చేయడం. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటే నిద్రొస్తాది, కెఫిన్ పోయి దాని చోట్లో కూర్చుంటాది. అడినోసిన్ మాత్రం పేరుకుంటానే ఉంటాది. కెఫిన్ దిగినాక ఒక్కసారిగా పడిపోయినట్టు అనిపించేది అందుకే. టారిన్, బి విటమిన్లు అని పెద్ద అక్షరాలు వేసేది అలంకారానికి. తిండి సరిగ్గా తినేవానికి బి విటమిన్ ఎక్కువైతే బలం రాదు, ఉచ్చలో పోతాది.

నాపరాయి_బేతంచెర్ల
రాగిసంగటక్క చివర చెప్పింది చిన్న విషయం కాదు. ఎండలో పనిచేసేవాళ్లకు "ఉచ్చ రంగు చూసుకో, ముదురు పసుపైతే నీళ్లు చాల్లేదని అర్థం" అని నేర్పిస్తాం. బి2 విటమిన్ కలిపిన డ్రింకు తాగితే నీళ్లు చాలినా చాలకపోయినా మెరిసే పసుపే వస్తుంది. గుర్తు పట్టే దారి పోతుంది.

హైవే44
లారీ డ్రైవర్ల సంగతి కూడా మాట్లాడండి. కర్నూలు దాటి గుత్తి మీదుగా బెంగళూరు పోయేవాళ్లు రాత్రి రెండింటికి దాబా కాడ ఆపి ఇదే తాగుతారు. వాళ్లకు ఉపయోగం లేదనలేరు.

జిమ్_అనంత
అదీ!

మందులషాపు_కడప
ఉపయోగం ఉంది, తాగే పద్ధతి మాత్రం తప్పు. తాగి వెంటనే స్టీరింగ్ పడతారు. కెఫిన్ రక్తంలోకి ఎక్కి పని మొదలుపెట్టడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. రాత్రి రెండు నుంచి ఐదు వరకు ఒళ్లు ఎట్లాగూ నిద్ర కోరే టైం, ఆ 30 నిమిషాల్లోనే కునుకు పట్టేది. చేయాల్సింది: బండి రోడ్డు దిగి ఆపాలి, కాఫీయో ఆ బాటిలో తాగాలి, 15–20 నిమిషాలకు అలారం పెట్టి సీటు వాల్చి పడుకోవాలి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుంటే చాలు. లేచేటప్పటికి కెఫిన్ ఎక్కుతుంటుంది. ఇంగ్లాండ్‌లో లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్లు 1990లలోనే డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద పరీక్షించారు, కాఫీ ఒక్కటి, కునుకు ఒక్కటి కంటే రెండూ కలిపితే తప్పులు తగ్గాయి. ఇరవై నిమిషాలు దాటి పడుకుంటే మాత్రం లేచాక మత్తుగా ఉంటుంది, పది నిమిషాలు నడిచి ఎక్కాలి.

హైవే44
రెండోసారి మళ్లీ కునుకొస్తే?

మందులషాపు_కడప
అప్పుడు ఇంకో బాటిల్ కాదు, పడుకోవడమే. దానికి మందు లేదు.

పెన్నా_ఒడ్డు
కెఫిన్ ఒంట్లో నీళ్లన్నీ బయటికి లాగేస్తాది, అందుకే ఎండలో తాగరాదు అంటారు. ఈ అసలు విషయం ఎవరూ రాయలేదే.

నాపరాయి_బేతంచెర్ల
రాయనిది అది అంత నిజం కాదు కాబట్టి. రోజూ టీ కాఫీ అలవాటున్నవానికి మామూలు మోతాదు కెఫిన్ వల్ల ఉచ్చ పెద్దగా పెరగదు, తాగిన నీళ్లు చాలావరకు ఒంటికే దక్కుతాయి. ఎండలో ఇది పనికిరాకపోవడానికి కారణాలు వేరే.

ఒకటి ఉప్పు. బండల మిషన్ కాడ మే నెలలో పనిచేసేవానికి గంటకు లీటరు చెమట పోవడం మామూలే. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, అంటే అర టీస్పూను ఉప్పు. 250 మి.లీ ఎనర్జీ డ్రింకులో సోడియం 100 మి.గ్రా చుట్టుపక్కల ఉంటుంది. పదో వంతు.

రెండు చక్కెర గాఢత. నూటికి 6–8 దాకా చక్కెర ఉన్న నీళ్లు కడుపులోంచి బాగానే దిగుతాయి. 11 అంటే మెల్లగా దిగుతుంది, కడుపు నిండుగా ఉంటుంది, దాహం తీరినట్టు అనిపిస్తుంది, మనిషి నీళ్ల కుండ కాడికి పోడు. మేస్త్రీ "నీళ్లు అక్కర్లేదు" అనేది ఈ మోసాన్ని చూసే. గ్యాస్ ఉంటే ఇంకా తొందరగా నిండినట్టుంటుంది.

మూడు గుండె. ఎండలో చర్మానికి రక్తం పంపడానికి గుండె ఎట్లాగూ వేగంగా కొట్టుకుంటుంది. దాని మీద కెఫిన్ వేస్తే దడ, చేతులు వణుకు. ఆ వణుకుతో కటింగ్ బ్లేడు కాడ నిలబడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

తాడిపత్రి_బండలు
బ్లేడు మాట ఓనరుకు చూపించాలి. అది అర్థమవుతాది ఆయనకు.

సెనక్కాయల_సుబ్బడు
ఇంకోటి కూడా చూపియ్యి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ కెఫిన్ డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. ఇరవై రూపాయల్లో ఐదు రూపాయల డెబ్బై పైసలు పన్నే. బలం వచ్చేది సర్కారుకు.

విద్యార్థి_కర్నూలు
మా హాస్టల్‌లో పరీక్షలప్పుడు రాత్రి పదికి ఒకటి తాగి మూడు దాకా చదువుతారు. పనోళ్ల సంగతి వేరు, కూర్చొని చదివేవాళ్లకు చెమట లేదు కదా, ఏం నష్టం?

మందులషాపు_కడప
పదింటికి 75 మి.గ్రా వెళ్లిందనుకో. కెఫిన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు. మూడింటికి ఇంకా 37 మి.గ్రా ఉంటుంది, టీ కప్పు తాగి పడుకున్నట్టు. నిద్ర పట్టినా గాఢనిద్ర తగ్గుతుంది. చదివింది గుర్తుండేలా మెదడు సర్దుకునేది ఆ నిద్రలోనే. కావాలంటే మధ్యాహ్నం రెండులోపు తాగి, రాత్రి పదకొండుకు పడుకొని ఐదుకు లేవడం మేలు. పద్దెనిమిది నిండనివాళ్లకు అసలు వద్దు. లిథువేనియా 2014లో, లాట్వియా 2016లో, పోలండ్ 2024లో పద్దెనిమిది లోపువాళ్లకు అమ్మకమే ఆపేశాయి.

విద్యార్థి_కర్నూలు
ఐదుకు లేవడం అంటే బాటిల్ కంటే కష్టం అన్నా.

రాగిసంగటి
నోట్లో పండ్ల సంగతి మరిచినారు. ఇవన్నీ పులుపు, పీహెచ్ 3 చిల్లర. రోంత రోంత చప్పరిస్తా గంటసేపు తాగితే పంటి పైపొర అంతసేపూ నానుతాది. తాగినాక నీళ్లతో పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చేయరాదు. మెత్తబడిన పొర అరిగిపోతాది. అరగంట ఆగాలి.

వేంపల్లి_అల్లుడు
రాత్రిపూట క్వార్టర్లో సోడా బదులు ఇదే కలుపుతాండారు చూడండి, అదేం లెక్క?

మందులషాపు_కడప
అన్నిటికంటే చెడ్డ లెక్క. మందు మత్తు తగ్గదు, మత్తు తెలియడం తగ్గుతుంది. "నాకేం కాలేదు" అని ఇంకో పెగ్గు, తర్వాత బండి. కెఫిన్ కలిపి సీసాల్లో అమ్మే మద్యం విషయంలో 2010లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు ఇచ్చింది. ఇక్కడ మనోళ్లు ఎవరికి వాళ్లే కంపెనీ.

సెనక్కాయల_సుబ్బడు
😂 కుటీర పరిశ్రమ.

అమ్మడు_ప్రొద్దుటూరు
మా మామకు బీపీ మాత్రలు ఉన్నాయి, ఒక్కటి తాగితే ఏమవుతాది? షుగర్ వాళ్లకు నీరసం వస్తే ఇది ఇయ్యొచ్చా?

మందులషాపు_కడప
అలవాటు లేని మనిషికి కెఫిన్‌తో బీపీ కొన్ని గంటలు 5–10 పాయింట్లు పెరగొచ్చు. బీపీ, గుండె కొట్టుకునే తీరులో తేడా ఉన్నవాళ్లకు ఒక్కటీ వద్దు. 2019లో అమెరికాలో 34 మంది ఆరోగ్యవంతులకు దాదాపు లీటరు తాగించి ఈసీజీ తీస్తే, నాలుగు గంటల తర్వాత కూడా గుండె విద్యుత్ లయలో మార్పు కనిపించింది. మామూలు మనిషికి అది చిన్న మార్పే, ముందే జబ్బున్నవారికి కాదు.

సిప్రోఫ్లాక్సాసిన్ వాడేవాళ్లు ఆ కోర్సు అయ్యేదాకా కెఫిన్ తగ్గించాలి. విరేచనాలకు, ఉచ్చలో మంటకు తరచు రాసే మాత్రే అది. లివర్ కెఫిన్‌ను కరిగించే దారిని అడ్డుకుంటుంది, ఒక బాటిల్ రెండు బాటిళ్లలా పనిచేస్తుంది. ఉబ్బసానికి థియోఫిలిన్ వేసుకునేవాళ్లకూ దడ పెరుగుతుంది.

షుగర్ పడిపోయి చెమటలు, వణుకు ఉంటే 15 గ్రాముల గ్లూకోజు చాలు, మూడు నాలుగు టీస్పూన్ల పొడి నీళ్లలో. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. ఎనర్జీ డ్రింకు తప్ప ఏదీ చేతికందకపోతే చక్కెర ఉన్న రకం సగం బాటిల్ పనిచేస్తుంది, షుగర్ లేని రకం ఇచ్చి కూర్చుంటే మనిషి పోతాడు. మామూలు నీరసానికి మాత్రం ఇది ఇవ్వకండి, ముందు షుగర్ చూడండి. ఎక్కువై కూడా నీరసం రావచ్చు.

పెన్నా_ఒడ్డు
ఇంతకీ మన సుగంధి షర్బత్తు ఉండగా ఇవన్నీ ఎందుకప్పా? నన్నారి, నిమ్మకాయ, రోంత సబ్జా. మన పెద్దోళ్లు ఎండలో అదే కదా తాగింది.

నాపరాయి_బేతంచెర్ల
రుచికి దండం. కానీ నన్నారి పాకం సగానికి పైగా చక్కెరే. బండి మీద గ్లాసులో 30 మి.లీ పోస్తే 20 గ్రాముల దాకా చక్కెర వెళ్లినట్టు. కెఫిన్ ఉండదు, అంతవరకే మేలు. రోజుకు నాలుగు గ్లాసులు తాగి "మనది కదా" అంటే షుగర్ జబ్బు ఊరుకోదు.

పెన్నా_ఒడ్డు
నన్నారిని కూడా వదల్లేదు వీళ్లు.

రాగిసంగటి
అంబలి ఉండాది కదా అన్నా. నాలుగు చెంచాల రాగిపిండి గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రంతా పులియనీ. పొద్దున నాలుగు గ్లాసుల నీళ్లు మరగబెట్టి, అది పోసి, సన్న మంట మీద పచ్చివాసన పోయేదాకా తిప్పు, పది నిమిషాలు. పూర్తిగా చల్లారినాక రెండు గ్లాసుల మజ్జిగ, ఉప్పు, ఉల్లిగడ్డ. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగి నీళ్లు నీళ్లుగా అవుతాది, శానామంది ఇక్కడే చెడగొడతారు. పొద్దున చేసింది మధ్యాహ్నం లోపల అయిపోవాల, మన ఎండకు సాయంత్రానికి మరీ పులిసిపోతాది.

జిమ్_అనంత
ఓఆర్ఎస్ ప్యాకెట్లు అంగడి నుంచి తెచ్చి ఇస్తే అయిపోయే పనికి ఇంత వంటా?

మందులషాపు_కడప
ఏ ఓఆర్ఎస్? అట్ట డబ్బాలో తియ్యగా వచ్చేవి ఓఆర్ఎస్ కావు. అసలు ఓఆర్ఎస్ పాళ్లు లేకుండా పేర్లో ఆ మూడు అక్షరాలు వాడరాదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ తేల్చి చెప్పింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడితే అయింది ఆ పని. అసలుది 20.5 గ్రాముల పొడి: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, సోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. సరిగ్గా ఒక లీటరు నీళ్లకు. గ్లాసులో మొత్తం ప్యాకెట్ పోసి తాగితే ఉప్పు ఎక్కువై వాంతి, దాహం.

నాపరాయి_బేతంచెర్ల
పైగా రోజూ అందరికీ ఓఆర్ఎస్ అక్కర్లేదు. మూడు పూటలా తినేవానికి ఉప్పు తిండిలోనే వస్తుంది, సీమ భోజనంలో ఉప్పు తక్కువా? పిక్కలు పట్టేసినవానికి, వాంతులు విరేచనాలు ఉన్నవానికి, తిండి తినకుండా వచ్చి చెమటలు కక్కేవానికి కలిపి ఇవ్వండి.

తాడిపత్రి_బండలు
సరే, ఇరవై మందికి ఏం పెట్టాల, ఎంత పెట్టాల? ఒక్కసారిగా బాటిల్ మానిపిస్తే తలనొప్పి అని పనికి రామంటాండారు, అది నాటకమా?

మందులషాపు_కడప
నాటకం కాదు. రోజూ తాగేవాడు ఆపితే 12–24 గంటల్లో తలనొప్పి మొదలై, రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, వారం తొమ్మిది రోజుల్లో పోతుంది. మూడు తాగేవాణ్ని ముందు రెండుకు, మూడు నాలుగు రోజులయ్యాక ఒకటికి, తర్వాత ఆ ఒక్కదాని చోట టీకి దించండి. మధ్యాహ్నం మూడింటికి తాగేదాన్ని ముందు తీసేయండి, నిద్ర బాగుపడితే మిగతాది వాళ్లే వదులుతారు. టీ అన్నానికి గంట అటూ ఇటూ ఉండాలి, లేకపోతే తిండిలో ఇనుము ఒంటికి పట్టదు.

నాపరాయి_బేతంచెర్ల
నీళ్ల లెక్క: ఎండలో ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, 240 మి.లీ. గంటకు ముప్పావు లీటరు పైచిలుకు. ఎనిమిది గంటలకు మనిషికి ఆరు లీటర్లు, ఇరవై మందికి 120. ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. ఒకచోట పెట్టొద్దు, రెండు మిషన్లకు ఒకటి చొప్పున చేయి చాచితే అందేలా పెట్టండి, దూరముంటే తాగరు. ఒక్కొక్కరికి ఒక గ్లాసు, లేదంటే దుమ్ము చేతులతో అందరూ ఒకే చెంబు ముంచుతారు. దాహం వేసేదాకా ఆగి ఒకేసారి రెండు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, గంటకు లీటరున్నర లోపే ఉండాలి. దాటితే రక్తంలో సోడియం పలచబడుతుంది.

పదకొండుకు ఒకసారి, మూడుకు ఒకసారి మజ్జిగ. నాలుగు లీటర్ల పెరుగు చిలికి పదహారు లీటర్లు చేస్తే ఇరవై మందికి రెండు పూటలా 400 మి.లీ చొప్పున వస్తుంది. లీటరు మజ్జిగకు ఉప్పు పావు టీస్పూను చాలు. మనిషికి రెండు బాటిళ్ల లెక్కన రోజుకు ఎనిమిది వందలు పోతాయి కదా, మజ్జిగ అంతకంటే చాలా తక్కువలో అయిపోతుంది. కొత్తగా చేరినవాణ్ని మొదటిరోజే పూర్తి ఎండపనిలో పెట్టకండి, మొదటిరోజు ఐదో వంతు, తర్వాత రోజూ అంతంత పెంచండి. వడదెబ్బ ఎక్కువ తగిలేది కొత్తవాళ్లకే.

సెనక్కాయల_సుబ్బడు
మేస్త్రీకి మజ్జిగలో రోంత ఎర్ర రంగు కలపండి, అడక్కుండా తాగుతాడు.

అమ్మడు_ప్రొద్దుటూరు
పనోళ్లలో బీపీ ఉన్నవాళ్లుంటే ఆ ఉప్పు మజ్జిగ?

నాపరాయి_బేతంచెర్ల
వాళ్లకు ఉప్పు లేకుండా విడిగా తీసి పెట్టండి, నీళ్లు మాత్రం అందరితో సమానం. బీపీకి ఉచ్చ ఎక్కువ పోయే మాత్ర వేసుకునేవాళ్లైతే ఎండాకాలం ముందే డాక్టరును అడగాలి, డోసు మార్చాల్సి రావచ్చు. ఇంకా ఒక్కటి, ఎవడైనా తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలుతున్నా, చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. 108 కు ఫోన్ చేసి, నీడకు లాగి, గుడ్డలు వదులు చేసి ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగ్గా లేనివాని నోట్లో ఏదీ పోయొద్దు, ఆ బాటిల్ అసలే వద్దు.

తాడిపత్రి_బండలు
క్యాన్లు ఆరు రేపటికి చెప్పినా. పెరుగు నాలుగు లీటర్లు రోజూ ఇచ్చేవాణ్ని వెతుకుతాండా, స్టేషన్ రోడ్డు వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. మేస్త్రీ అడుగుతాండాడు, మజ్జిగలో ఐసు వేయొచ్చా అని.

రాగిసంగటి
వేయొచ్చు, తాగే ఐసైతే. చేపల పెట్టెల్లో వేసే దిమ్మ కొట్టి వేసేరు జాగ్రత్త. కుండలో పోసి తడిగుడ్డ చుట్టి పెట్టు, ఐసు అవసరమే రాదు.